విప్పాలి గాని వెనక్కి తిప్పకూడదు

2019 ఎండాకాలం. మా షోలాపురంలో మేముండే వాడకు ఆ ఏడు నల్లా నీళ్లు నాలుగు రోజులకొకసారి వచ్చేవి. భీమా నది మీది ఉజనీ ఆనకట్ట నుంచి ఎక్కడో వంద కిలోమీటర్ల దూరం గొట్టాల్లో నడిచి వచ్చే నీళ్లు అవి. తెల్లవారుజామున మూడింటికి వచ్చినా సరే, నీళ్ల రోజున ఇంటిల్లిపాదీ లేచి కూర్చునేవాళ్లం. బిందెలు, బకెట్లు, చివరికి పిండి డబ్బా మూత కూడా నిండాల్సిందే. మా ఆవిడ బీడీలు చుడుతుంది. తునికాకు నానబెట్టనిదే కత్తెరకు లొంగదు. కాబట్టి మా ఇంట్లో నీళ్లు తాగడానికీ వండుకోవడానికే కాదు, కూలి దొరకడానికీ కావాలి.

ఆ కష్టం చూడలేక మా అబ్బాయి మిద్దె మీద 500 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు పెట్టించాడు. మన వాడలోని పిల్లవాడే, ఇరవై రెండేళ్లుంటాయేమో, ప్లంబింగు పని చేస్తాడు. వాడే వచ్చి బిగించి వెళ్లాడు. మొదటి నీళ్ల రోజున ట్యాంకు నిండింది. తెల్లారి మిద్దెక్కి చూస్తే, ట్యాంకు కింద గచ్చు మీద అరచేయంత తడి. మోచేతి మలుపు దగ్గర, అదే మేము ఎల్బో అంటాం, ఒక్కో బొట్టు చేరి, బరువెక్కి, రాలుతోంది.

నేను ఒక లీటరు చెంబు పెట్టి కూర్చున్నాను. రెండున్నర గంటలకు నిండింది. అంటే రోజుకు దగ్గర దగ్గర పది లీటర్లు. మళ్లీ నీళ్లు వచ్చేలోగా నలభై లీటర్లు గచ్చు తాగేస్తుందన్నమాట. మూడు బిందెల నీళ్లు!

పిల్లవాడికి కబురు పెట్టాను. వచ్చి చూసి, "తాతా, టేపు మస్తు చుట్టిన. ఇంకింత బిగిస్తే బందయితది," అన్నాడు. నేను ఏదో చెప్పబోయేలోగా పైపు పానా అందుకుని ఒక్క ఊపు ఊపాడు. 'టప్'మని చిన్న చప్పుడు. ఎల్బో నిలువునా చీలింది. పై వాల్వు ఇంకా పెట్టనే లేదు, ఇక ఆపేదేముంది? ట్యాంకులో నీళ్లన్నీ మా కళ్ల ముందే మెట్ల మీదుగా దిగి మోరీలో కలిశాయి. కింద మా ఆవిడ బకెట్లు పట్టుకుని పరుగులు పెట్టింది. రెండున్నర బకెట్లు దక్కాయి. నీళ్ల రోజు ఇంకా మూడు రోజులుంది.

పిల్లవాడు తల దించుకుని నిలబడ్డాడు. నాకు వాడి మీద కోపం రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే నా సంగతి కొంత చెప్పక తప్పదు.

మాది పద్మశాలీల ఇల్లు. తాతల కాలంలో కరీంనగరం వైపు నుంచి మగ్గం పని కోసం వచ్చినవాళ్లం. మా బాపు చాదర్లు నేశాడు. నాకు మాత్రం మగ్గం పడలేదు. 1980లో, ఇరవయ్యో ఏట, నూలుకు రంగులు వేసే ఒక కార్ఖానాలో ఫిట్టరు దగ్గర చేతికింద మనిషిగా చేరాను. ఆ ఫిట్టరు మాకు దూరపు చుట్టం, వరసకు మామ అవుతాడు. ఆయనా మగ్గం వదిలి వచ్చినవాడే. అందుకే ఆయన పాఠమంతా మగ్గం మాటల్లోనే ఉండేది.

మొదటి రోజు ఒక ఇంచు పైపు ముక్క నా చేతికిచ్చి, "దీని ఆటేలు చూడు," అన్నాడు. మర చుట్లను మరాఠీలో ఆటే అంటారు. మా కార్ఖానాలో తెలుగువాళ్లం కూడా ఆ మాటే వాడేవాళ్లం. "కొస సన్నగుందా, ఎనుక లావుందా?" అన్నాడు. కంటికి తెలియలేదు. వేళ్ల మధ్య పెట్టి తిప్పితే తెలిసింది. పైపు మర కొస నుంచి లోపలికి వచ్చే కొద్దీ లావవుతుంది. పదహారు ఇంచులకు ఒక ఇంచు చొప్పున ఆ వాలు. నట్టూ బోల్టూ మరకు ఈ వాలు ఉండదు. వాలు ఉన్నందువల్లే పైపు తిరిగే కొద్దీ సాకెట్టులో బిగుసుకుంటుంది, సీసాలో బిరడా బిగిసినట్టు.

"మరి బిగిసినంక నీళ్లు ఎట్ల కారుతయి మామా?" అని అడిగాను.

"పడుగూ పేకా ఎంత దగ్గర కొట్టినా గుడ్డలకెళ్లి గాలి పోతదా లేదా?" అన్నాడు ఆయన.

తర్వాత ముప్పై ఏళ్ల పనిలో ఆ మాట ఎంత సరైనదో తెలిసింది. ఇనుము మీద ఇనుము ఎంత బిగించినా మర కొనకూ, ఎదుటి మర లోతుకూ మధ్య వెంట్రుకంత సందు మిగులుతుంది. ఆ సందు మర వెంబడే చుట్లు తిరుగుతూ లోపలి నుంచి బయటికి ఒక సన్నని దారిలా ఉంటుంది. నీళ్లు ఆ దారి పట్టుకుని తిరిగి తిరిగి బయటికి వస్తాయి. కీలును పట్టి ఉంచేది ఇనుము. టేపు గానీ నార గానీ చేసే పని ఆ దారిని మూసెయ్యడం ఒక్కటే. ఇది తెలియనివాడు బలం టేపులో ఉందనుకుని చుట్టిందే చుడతాడు.

మా రోజుల్లో టేపు మా దాకా రాలేదు. టెఫ్లాన్ అనే ఆ పదార్థాన్ని 1938లోనే అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్త వేరే ప్రయోగం చేస్తుండగా అనుకోకుండా కనుక్కున్నాడట. మాకు తెలిసినవి మాత్రం సుత్లీ, సఫేదా. సుత్లీ అంటే జనపనార. దాన్ని విప్పి, చిక్కు తీసి, నున్నటి ఆటేలను రంపపు బ్లేడుతో కాస్త గరుకు చేసి చుట్టేవాళ్లం. నున్నగా ఉంటే నార జారి, బిగించేటప్పుడు మొత్తం ఒక ఉండలా బయటికి తోసుకు వస్తుంది. పైన అవిసె నూనెలో కలిపిన సఫేదా పూసేవాళ్లం. నూనె గాలికి ఆరి గట్టిపడుతుంది. నార తడికి ఉబ్బుతుంది. అందుకే మొదటి రోజు చెమర్చిన నీళ్ల కీలు రెండో రోజుకు తనంతట తానే ఆగిపోవడం మామూలే. సఫేదా అంటే సీసపు తెలుపు, అది విషమని అప్పుడు మాకెవరూ చెప్పలేదు. ఆ చేత్తోనే రొట్టె తిన్నాం. ఇప్పుడు నార మీద పూయడానికి సీసం లేని పేస్టులు వచ్చాయి. పాతది ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే తాగే నీళ్ల గొట్టానికి వాడవద్దని ఈ సందర్భంగా చెబుతున్నాను.

చుట్టడంలో కూడా మామ నియమాలు మామకు ఉండేవి. పైపు కొస మన వైపు పెట్టుకుని గడియారపు ముల్లు తిరిగే వైపే చుట్టాలి. "కండె ఎటు చుడ్తరో గటే పోగు తీస్తర?" అని నవ్వేవాడు. అంటే, పోగు విప్పే వైపు చుట్టిన వైపుకు ఎదురు కదా. పైపు తిరిగే వైపుకు ఎదురుగా చుడితే నార బిగించేటప్పుడే విడిపోతుందని ఆయన భావం. మొదటి ఆటే వదిలి రెండోదాని నుంచి మొదలుపెట్టాలి, లేకుంటే పోగులు పైపులోకి పోయి ఎక్కడో వాల్వులో ఇరుక్కుంటాయి. ఈ రెండూ టేపుకూ వర్తిస్తాయి.

యూనియన్ నట్టు మీద టేపు చుట్టేవాణ్ణి చూస్తే ఆయనకు నవ్వాగేది కాదు. యూనియన్‌లో నీటిని ఆపేది మర కాదు, లోపల ఒకదాని మీద ఒకటి కూర్చునే రెండు అంచులు. అక్కడ నట్టు పని నొక్కిపట్టడమే. ట్యాంకు గోడకు బిగించే నిపుల్ కూడా అంతే. అక్కడ ఆపేది రబ్బరు వాషరు. అది వంకరగా కూర్చుంటే ఆటేల మీద గజం టేపు చుట్టినా నీళ్లు ఆగవు.

ఒకసారి బయటి దేశపు యంత్రం ఒకటి వచ్చింది. దాని మీటరు గొట్టం అర ఇంచుది. మన అర ఇంచు సాకెట్టులోకి ఇంపుగానే ఎక్కింది, కానీ ఎన్నిసార్లు చుట్టినా కారుతూనే ఉంది. అర ఇంచు అన్నది పేరుకే. మన అర ఇంచు పైపు మర బయటి కొలత దాదాపు 21 మిల్లీమీటర్లు. ఇంచుకు 14 చుట్లు. ఆ పరాయి పైపుకూ ఇంచుకు 14 చుట్లే, వాలు కూడా ఒకటే. తేడా ఎక్కడంటే ఆటే కోణంలో. మనది ఇంగ్లండులో 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన 55 డిగ్రీల మర. అది అమెరికా వాళ్ల 60 డిగ్రీల మర. ఎక్కినట్టే ఎక్కుతుంది, కలవదు. మధ్యలో వేరే ముక్క తెచ్చి వేస్తే గాని ఆగలేదు.

ఇంత నేర్పిన మామ అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పిన మాట ఇంకొకటుంది. "ముందుకు రాకపోతే విప్పు. ఎనుకకు మాత్రం తిప్పకు." ఎల్బో బిగించేటప్పుడు దాని మూతి ఏదో ఒక దిక్కుకు నిలవాలి కదా. ఒక్కోసారి బిగువు కుదిరేసరికి మూతి కావలసిన చోటు దాటిపోతుంది. అప్పుడు ఇంకో చుట్టు ముందుకు పోనిస్తే పోనివ్వాలి. పోకపోతే పూర్తిగా విప్పి, పాత నార గీకేసి, కొత్తది చుట్టి మళ్లీ బిగించాలి. పావు చుట్టు వెనక్కి తిప్పి సర్దేస్తే పైకి బాగానే కనిపిస్తుంది. కానీ నలిగి సందుల్లో కూరుకున్న నార అక్కడ వదులవుతుంది. వాలు మర బిగువూ సడలుతుంది.

1981 శ్రావణ మాసం. తెల్లారితే నూలి పున్నమి. మార్కండేయ స్వామి రథోత్సవం. షోలాపురం పద్మశాలీలకు అంతకు మించిన పండుగ లేదు. కార్ఖానాకు ఆ రోజు సెలవు. ముందు రోజు సాయంత్రం ఆవిరి లైనులో ఒక వాల్వు మార్చే పని పడింది. మామ బాయిలర్ దగ్గర ఉన్నాడు. నన్ను ఒక్కణ్ణే పంపాడు. అలా ఒంటరిగా పంపడం అదే మొదటిసారి. ఎర్ర పట్టీ వేసిన మందపు పైపు, ఇంచుది. నార, సఫేదా, అన్నీ సరిగ్గానే పెట్టాను. బిగించాను. ఎల్బో మూతి బొటనవేలంత దాటింది. ముందుకు పోనీయడానికి నా బలం చాలలేదు. విప్పి మళ్లీ చేస్తే ఇంకో ముప్పావు గంట. ఎనిమిది దాటింది. ఇంటి దగ్గర దోస్తులు ఎదురుచూస్తున్నారు.

నేను వెనక్కి తిప్పాను. బొటనవేలంత.

పండుగ రోజంతా లైను చల్లగా పడి ఉంది. ఆ మరునాడు పొద్దున బాయిలర్ రాజేసి ఆవిరి వదిలారు. ఏడు కిలోల ఒత్తిడి దగ్గర ఆవిరి వేడి 170 డిగ్రీలుంటుంది. మొదట 'సుయ్'మని చప్పుడు. ఆ తర్వాత ఒక్కసారిగా ఎల్బో పక్క నుంచి మరిగే నీళ్లూ ఆవిరీ కలిసి చిమ్మాయి. కింద రంగు తొట్టి దగ్గర నూలు చిలపలు భుజాన వేసుకుని నిలబడ్డ పిల్లవాడికి ఎడమ చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా ఉడికిపోయింది. నాకంటే రెండేళ్లు చిన్న. పక్క గల్లీ వాడు.

మామ వాల్వు మూయించి, నిచ్చెన వేసుకుని ఆ ఎల్బో దగ్గరికెళ్లి చూశాడు. ఆరిన సఫేదా మీద, కీలు చుట్టూ, వెంట్రుకంత పగులు గీత. బిగించి వదిలేసిన కీలు మీద ఆ గీత రాదు. వెనక్కి తిప్పిన కీలు మీదే వస్తుంది. కిందికి దిగి నా మొహంలోకి ఒకసారి చూశాడు. నేను కళ్లు దించుకున్నాను.

యజమాని వచ్చి ఎవరు బిగించారని అడిగాడు. "నేనే. పాత పైపు, ఆటేలు అరిగినయి," అన్నాడు మామ. పదిహేను రోజుల కూలి కోసుకున్నారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు పెగల్లేదు. తర్వాత కూడా ఆయన నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేసేవాణ్ణేమో, తెలియదు. ఆ ఆదివారం మాత్రం ఆ లైను మీది కీళ్లన్నీ నా చేత విప్పించి, ఒక్కొక్కటీ మళ్లీ కట్టించాడు. చీకటి పడేదాకా నిచ్చెన పట్టుకుని కిందే నిలబడ్డాడు. 1999లో మామ పోయాడు. పాడె మోశాను గాని, మాట మాత్రం మోస్తూనే ఉండిపోయాను.

ఇప్పుడు మళ్లీ మిద్దె మీదికి వద్దాం. ఆ మూడు రోజులూ పక్కింటివాళ్లు రోజుకు రెండు బిందెలు ఇచ్చారు. వాళ్లకూ అంతంతమాత్రమే. మా ఆవిడ ఆకు నానబెట్టడం మాని, ఆ వారం చాట గోడకు ఆనించింది. నీళ్ల రోజు ముందు సాయంత్రం పిల్లవాడు కొత్త ఎల్బో తెచ్చాడు. ఈసారి లోపల ఇత్తడి ఆటేలున్నది తెమ్మని నేనే చెప్పాను. ప్లాస్టిక్ ఆటేలోకి వాలున్న ఇనుప పైపును ఎక్కిస్తే అది మేకు దిగ్గొట్టినట్టే పనిచేస్తుంది. పైగా టెఫ్లాన్ నున్నగా జారుతుంది కాబట్టి ఎంత బిగిస్తున్నామో చేతికి తెలియదు. టేపు ఎక్కువయ్యే కొద్దీ చీలడం ఖాయం. ప్లాస్టిక్ మీద నార చుట్టినా అది ఉబ్బి చీల్చవచ్చు. అందుకని ప్లాస్టిక్ ఆటేలకు టేపే, అదీ కొంచెమే. చేత్తో బిగిసినంత బిగించి, ఆపైన పానాతో ఒకటి, మహా అయితే రెండు చుట్లు.

పాత టేపంతా గోటితో, తీగె బ్రష్షుతో తీయించాను. కొత్తది నాలుగు చుట్లు, సాగదీసి పట్టి, ఆటేల్లో ఒదిగేలా చుట్టించాను. ట్యాంకు నిపుల్ విప్పించి, మడతపడిన రబ్బరు వాషరును సరిగ్గా కూర్చోబెట్టించాను. పిల్లవాడి చేతులు చురుకైనవే. చెప్పేవాడు లేక పోయిందంతే. ఎల్బో బిగించాడు. మూతి కిందికి రావాలి. రెండు వేళ్లంత దాటింది. వాడు పానా తిరగేసి పట్టాడు.

నాకు తెలియకుండానే వాడి మణికట్టు పట్టుకున్నాను.

"ఏమైంది తాతా? ఇంత ఎనుకకు తిప్పితే సీదా అయితది."

"వద్దు బిడ్డా. విప్పు. మళ్లీ చుట్టు."

"రెండేళ్లంతే గద!"

"నేను బొటనవేలంతే తిప్పిన," అన్నాను. ఆ తర్వాత ఆగలేకపోయాను. ముప్పై ఎనిమిదేళ్లు ఎవరికీ చెప్పనిది, ఇంట్లో ఆవిడకు కూడా చెప్పనిది, ట్యాంకు నీడలో గచ్చు మీద కూర్చుని ఆ పిల్లవాడికి చెప్పాను. వాడు మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. అంతా విని, ఎల్బో విప్పి, టేపు తీసేసి, మళ్లీ మొదటి నుంచి చుట్టాడు. ఈసారి మూతి సరిగ్గా కిందికే వచ్చింది. తెల్లవారుజామున ట్యాంకు నిండింది. టార్చి వేసి, కీలు కింద పొడి కాగితం పెట్టి చూశాం. కాగితం పొడిగానే ఉంది.

కిందికి దిగుతూ వాడు అడిగాడు: "ఆ చెయ్యి కాలినాయన ఉన్నడా తాతా?"

ఉన్నాడు. కుంభారి దగ్గర బీడీ కార్మికుల కోసం కట్టి 2006లో ఇచ్చిన పదివేల ఇళ్లున్నాయి కదా, వాళ్ల ఆవిడ పేరున అక్కడ ఇల్లు వచ్చింది. పెళ్లిళ్లలో, రథోత్సవంలో ఏడాదికొకసారి కనిపిస్తూనే ఉన్నాడు. ఎప్పుడూ పొడుగు చేతుల చొక్కానే. ప్రతిసారీ నేను వాడి కుడివైపు చూసుకుని నిలబడేవాణ్ణి.

ఆ ఆదివారం బస్సెక్కి వెళ్లాను. వాకిట్లో మంచం వాల్చుకుని కూర్చున్నాడు. ఎండ వేడికి చొక్కా విప్పి ఉన్నాడు. చెయ్యి చూడక తప్పలేదు. నిలబడే చెప్పాను. తిప్పింది నేను, మామ కాదని.

చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "ఇప్పుడెందుకు చెప్తున్నవు?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. మామ బతికుండగా చెప్పాల్సింది. ఆ కూలి డబ్బు చేతిలో పెట్టి చెప్పాల్సింది. ఆసుపత్రిలో వాడి మంచం పక్కన చెప్పాల్సింది. ఇవన్నీ దారి పొడుగునా అనుకున్న మాటలే. ఒక్కటీ బయటికి రాలేదు.

వాళ్ల ఆవిడ చాయ్ తెచ్చింది. తాగాము. లేచి వస్తుంటే, "సంచిల పానా ఉన్నట్టుంది," అన్నాడు. అలవాటు కొద్దీ ఎక్కడికెళ్లినా వెంట ఉంటుంది. "వంటింట్ల నల్లా నెల దినాల సంది కారుతుంది. చూసి పో."

ఇనుప పైపు, ఇత్తడి నల్లా. విప్పాను. ఆటేలు తుడిచాను, గరుకు చేశాను. అడిగితే వాళ్ల ఆవిడ బస్తా కుట్టే సుత్లీ మూర ముక్క ఇచ్చింది. పేస్టు నా సంచిలోనే ఉంది. కొస మొదటి ఆటే వదిలి చుట్టాను. వాడు గడప మీద కూర్చుని చూస్తున్నాడు. మొదటిసారి నల్లా మూతి కాస్త పక్కకు నిలిచింది. విప్పాను. మళ్లీ చుట్టాను. రెండోసారి కుదిరింది. నీళ్లు వదిలాను. వేలితో కీలు చుట్టూ తడిమి చూశాను. తడి లేదు.

"అయిందా?" అన్నాడు.

"కాసేపు చూడాలె," అన్నాను. నార ఉబ్బడానికి కొంత సమయం పడుతుంది. పీట లాక్కుని ఆ నల్లా ముందు కూర్చున్నాను. వాడూ లేవలేదు.